ప్రాణశక్తి మూలము నెఱిగిన యల్లాప్రగడ

పెరుగునకు పులుపు నిచ్చు లాక్టిక్ ఆమ్లమే రోగి రక్తమున మితిమీరినప్పుడు ప్రాణాపాయమును సూచించును. ఈ సూచనను గ్రహించుటకు వలసిన జ్ఞానమునకు పునాది వైచినవారిలో నొక యాంధ్రుడు గలడు. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12వ తేదీన భీమవరమున బీదకుటుంబమున జన్మించి, తండ్రిని గోల్పోయి, ఆయన మదరాసు వైద్యకళాశాల చేరెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు పోగా ఆంగ్లేయాచార్యునకు కంటగింపయ్యెను. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. లభించెను. ఆయన క్రుంగలేదు. మామగారి సాయమును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయమును బొంది హార్వర్డు చేరెను.

కండరము లాక్టిక్ ఆమ్లము వలననే ముడుచుకొనునని ఆనాటి పండితుల నమ్మకము. ఆ మతమునకు ప్రధానులగు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. సుబ్బారావు ఫిస్కేతో గూడి 1925లో భాస్వరమును గొలుచు పద్ధతిని కనిపెట్టి, దాని సాయముననే 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని కనుగొనెను. ఆ యేడే జర్మనీలో లోమాన్ స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. ఆమ్లము పుట్టకుండ జేసినను కండరము ముడుచుకొనునని 1930లో డెన్మార్కు పండితుడు లుండ్స్‌గార్డు చూపుటతో పాతమతము కూలెను.

భావనపాడు తీరమున వల లాగు జాలరిని తలచి చూడుడు. అతని కండరములు ఏ.టి.పి.ని ఖర్చుచేయును. ప్రాణవాయువు చక్కగా నందినచో నొక గ్లూకోజు అణువునుండి సుమారు 30 ఏ.టి.పి. అణువులు పుట్టును, అందనిచో రెండే పుట్టి, లాక్టిక్ ఆమ్లము పేరుకొనును. వల యొడ్డుజేరి జాలరి విశ్రమింపగనే కాలేయాదులు దానిని వినియోగించివేయును. సెప్సిస్ చేతనో రక్తస్రావము చేతనో రక్తపుపోటు పడిపోయిన రోగి కట్టి విశ్రాంతి లేదు. ఎడ్రినలిన్ ఉధృతి, కాలేయవ్యాధి, థయామిను లోపము, కొన్ని యౌషధములు గూడ ఆమ్లమును పెంచును.

కావున ఆమ్లము పొగ. నిప్పు వేఱొకచోట నుండును. లీటరు రక్తమున 2 మిల్లీమోలులు దాటిన జాగరూకత వలయును. 4 దాటిన ప్రమాదము. సోడియం బైకార్బొనేటు ఆమ్లత అతితీవ్రమైనపుడు మాత్రమే కొంత యుపకరించును. సెప్సిస్ వలన పోటు పడిపోయినచో గంటలోపల యాంటీబయాటిక్, రక్తనాళమున ద్రవములు, పోటును నిలుపు మందులు. రక్తస్రావమైనచో దాని నాపి రక్త మెక్కించుట. థయామిను లోపమైనచో ఆ విటమిను: ఇవి నిజమైన చికిత్సలు. కొలదిగంటల కొకమారు మరల గొలిచి, ఆమ్లము తగ్గుచున్నదో లేదో చూడవలెను.

సుబ్బారావు హార్వర్డులో తగిన స్థానము లభింపక, 1940లో లెడర్లే సంస్థ చేరి, ఫోలిక్ ఆమ్లమును, మన తీరవాసులను పీడించిన బోదకాలునకు మందగు హెట్రజానును లోకమున కందించిన పరిశోధనలు నడపెను. 1948 ఆగస్టులో న్యూయార్కున 53వ యేట గతించెను. స్వదేశమును మరల చూడలేదు.

అట్టివాని స్మృతికి విగ్రహము చాలదని మా యభిప్రాయము. భావనపాడు వంటి పల్లెనుండి టెక్కలికో శ్రీకాకుళమునకో బయలుదేరు రోగికి జాగే తొలి శత్రువు. చల్లబడిన కాలుచేతులు, వడిగల యూపిరి, తగ్గిన మూత్రము, తడబడు మాట కనబడినచో తెల్లవారనిమ్మని యూరకుండక వెంటనే 108 వాహనమును పిలువవలెను. ఊరిపెద్దలు తమ పాలేరులకును, జాలరులకును ఈ నాలుగు గుర్తులు నేర్పుదురుగాక. తీరమునందలి ప్రతి పెద్ద యాసుపత్రిలోను రేయింబవళ్లు ఈ పరీక్ష జరుగునట్లు అడుగుదురుగాక. ఆ మహనీయుని ఋణము కొంతయైన దీరును.