ఆయ్దక్కి లక్కమ్మ – ఇంటి రాబడికి కొలత

గృహస్థునకు వ్యయమును తగ్గించుకొను విధమును బోధించినవారు మన వాఙ్మయమున పెక్కురు గలరు. ఇంటికి వచ్చుదానిని గూడ కొలిచి, అవసరమునకు మించినదానిని తిరుగ పంపివేసిన ఇల్లాండ్రు మాత్రము అరుదు. పన్నెండవ శతాబ్దిలో కల్యాణ నగరమున కాపురముండిన ఆయ్దక్కి లక్కమ్మ అట్టి ఇల్లాలు. భర్త మారయ్య దినదినము ఏరి తెచ్చు కొద్దిపాటి బియ్యమే ఆ ఇంటి రాబడి. ఆ బియ్యముతోనే వారిరువురి భోజనమును, జంగమ దాసోహమును జరుగవలెను.

ఈ దంపతుల స్వస్థలము అమరేశ్వరము. అది నేటి కర్ణాటక రాష్ట్రమున రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోనిది. మన గద్వాల నడిగడ్డ ఏ కృష్ణా తుంగభద్రల నడుమ నున్నదో, ఆ నదుల నడుమనే పడమటి దిక్కున ఆ క్షేత్రమున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగు వరకు రాయచూరు, పాలమూరు, నల్లగొండ సీమలన్నియు ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండినవి. కావున లక్కమ్మ మనకు దూరపు దేశస్థురాలు కాదు. ఆమె ఎరిగిన నేలయు మన నేలవలెనే వానకు ముఖము వాచిన నేల. అచటి ఇల్లాలికి గింజ విలువ ఎవరును నేర్పనక్కరలేదు.

కన్నడమున ఆయ్దు అనగా ఏరి, అక్కి అనగా బియ్యము. ఏరిన బియ్యముతో బ్రదుకువారగుటచే ఆలుమగలకు ఆయ్దక్కి అనునది ఇంటి పేరైనది. బసవేశ్వరుని కీర్తిని విని వారు అమరేశ్వరమును విడిచి కల్యాణమునకు వచ్చిరి. అప్పుడు కల్యాణమును కలచుర్య బిజ్జలుడు పాలించుచుండెను. బసవేశ్వరుడు ఆయన భాండాగారమును చూచు మంత్రి. బసవేశ్వరుని గృహమును శరణులు మహామనె యనిరి. అచట నిత్యము జంగమ దాసోహము జరుగుచుండెను. అంత అన్నము వండు ఇంటి ముంగిట బియ్యము దింపుట, కొలుచుట, చెరుగుట పగలెల్ల సాగవలసినదే. అట్టి చోట గింజలు నేల రాలక మానవు. రాలిన ఆ గింజలను ఏరుటయే మారయ్య స్వీకరించిన కాయకము.

మన పల్లెలలో కోత ముగిసిన చేనిలో రాలిన వెన్నులను ఏరుకొనుటను పరిగె ఏరుట యందురు. సంస్కృతమున దీనినే ఉంఛవృత్తి యందురు. మహాభారతమున అశ్వమేధ పర్వములోని సక్తుప్రస్థుని కథ ఈ వృత్తిని గూర్చినదే. పేలపిండిని అతిథికి పెట్టి తాము పస్తుండిన ఆ కుటుంబమును, సగము బంగారమైన ముంగిసను ఎరుగనివారుండరు. పరిగె ఏరువాడు యాచకుడు కాడు. వంగిన నడుముతో, మట్టిని ఊది, రాతిని తీసి, గింజను గింజగా పోగుచేయువాడు తన శ్రమ ఫలమునే తినుచున్నాడు. మహామనెలో పంక్తిన కూర్చుండి భుజించుటకు మారయ్యకు అడ్డేమియు లేదు. ఆ ద్వారము ఎల్లరకును తెరచియే యుండెను. అయినను లోపలి అన్నమును కోరక, వెలుపల రాలిన బియ్యమును ఏరుకొనుటయే ఆయన నియమము.

ఏరి తెచ్చిన బియ్యము లక్కమ్మ చేతికి వచ్చెడిది. ఇచట ఆ ఇంటి లెక్కలోని విశేషము నొకదానిని గమనింపవలెను. మన ఇండ్లలో సాధారణముగా మనము తినగా మిగిలినది అతిథికి పెట్టుదుము. కొన్ని ఇండ్లలో మిగులుటయే లేదు, కనుక పెట్టుటయు లేదు. లక్కమ్మ లెక్క అట్టిది కాదు. ఆనాటికి కావలసిన బియ్యము ఇంత యని ఆమె నిర్ణయించునప్పుడే అందు జంగముని పాలు చేరియుండెను. దాసోహము ఆమెకు మిగులు కాదు, మొదటి పద్దు. అందుచేతనే ఆ పేదయింట అతిథి వచ్చిన దినమని, రాని దినమని తడబాటు కలుగలేదు.

ఒకనాడు మారయ్య అనుభవ మంటపమున అల్లమప్రభువుతో సంభాషణలో మునిగి యుండెను. చర్చ కాయకమును గూర్చినదే. కాయకమున నిమగ్నుడైనవాడు గురుదర్శనమునైనను, లింగపూజనైనను మరువవలసినదే యని మారయ్య మతము. కాయకమును గూర్చి ఇంత గట్టిగా చెప్పిన శరణులు అరుదు. అయితే ఆ మాటలు చెప్పుచునే ఆయన తన పని వేళను మరచెను. సూర్యుడు పైకెక్కెను, ఇంట గింజ లేదు. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని భర్తకు గుర్తుచేసెను. ఆమె కోపించినట్లు గాని, పదిమంది యెదుట భర్తను చిన్నబుచ్చినట్లు గాని శరణ చరిత్రములు చెప్పవు. తన్నేలినవాడని గౌరవించుచునే వేళ మించినదని తెలిపెను. సత్సంగము గొప్పది కావచ్చును. కాని పని మాని చేసిన సత్సంగపు ఖర్చు సాయంకాలమున పొయ్యి మీద తెలియును. పొయ్యి దగ్గర నుండునది ఇల్లాలు గనుక ఆ సంగతి ఆమెకే ముందు తెలిసెను.

మారయ్య తొట్రుపడి మహామనె ముంగిటికి పరుగెత్తెను. ఆనాడు నేల మీద గింజలు ఎక్కువగానే యుండెను. ఆయనను పరీక్షింపదలచి బసవేశ్వరుడే కావలెనని బియ్యమును చల్లించెనని కొందరు చెప్పుదురు. ఆలస్యమైన ఆతురతలో మారయ్యయే చేతికి వచ్చినంత ఏరెనని మరికొందరు చెప్పుదురు. ఎట్లయినను నాటి మూట ప్రతిదినపు మూటకంటె పెద్దదై యింటికి వచ్చెను.

బియ్యపు మూట బరువెక్కిన దినమున ఏ ఇల్లాలు సంతోషింపదు? రేపటికి కొంత మిగిలినదని కుండలో పోసికొనుట లోక సహజము. లక్కమ్మ మూటను చూచినంతనే ఇది మన మూట కాదని గ్రహించెను. ఇన్ని బియ్యమెచటివని భర్తను అడిగెను. ఇది మనసున పుట్టిన ఆశయా, బసవన్న మనలను శంకించి చేసిన పనియా యని ఆరా తీసెను. ఆశ పడుట రాజులకు చెల్లునుగాని శివభక్తులకు తగదని నచ్చజెప్పి, అధికమైన బియ్యమును తీసిన చోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మారుమాటాడక మోసికొనిపోయి ఆ ముంగిటనే పోసివచ్చెను.

ఈ ఘట్టమును మన ప్రవచనకారులు తరచుగా రెండు మాటలలో దాటివేసి అద్భుతముల వైపు సాగుదురు. అది సరికాదు. ఆ మూటను వెనుకకు మోసిన అడుగులే ఈ చరిత్రమునకు ప్రాణము. దొంగిలించిన బియ్యమైనచో వెనుకకు ఇచ్చుట ఎవరికైనను తోచును. ఇవి దొంగిలినవి కావు. రాలినవి, ఎవరును అడుగనివి, మారయ్య చేతులారా ఏరినవి. అయినను లక్కమ్మ కొలతలో అవి ఆ ఇంటివి కావు. ఇంటికి కావలసినది ఆ మూటలో ముందే నిండినది. దానిపై నున్న ప్రతి గింజయు మహామనె పంక్తిలో మరియొకరి విస్తరికి చెందినది. కొంగు బిగించి ఖర్చు తగ్గించు నేర్పు ఎందరికో గలదు. తగని రాబడిని గడప వెలుపలనే నిలుపు నేర్పు వేరు. ఒక దినము అధికమునకు అలవాటుపడిన కుండ మరునాడు పాత కొలతతో తృప్తి పడదు. ఆ సంగతి కాపురము చేసినవారికి చెప్పనక్కరలేదు.

తిరుమలగిరి మొదలుగా గల మన మెట్ట సీమలలో వెనుకటి పెద్ద ముత్తైదువలు ఈ కొలతను చదువక యే ఎరిగియుండిరి. గిద్దె, సోల, తవ్వ, మానిక యని ఇంట కొలపాత్రలుండెడివి. పొయ్యి మీద ఎసరు పెట్టుటకు ముందు మనుషులను లెక్కించి సోలతో కొలిచెడివారు. కొలిచిన బియ్యము నుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేసెడివారు. ఆ పిడికిళ్లే బిచ్చమునకును, పండుగకును, చుట్టము వచ్చిన నాటి కొరతకును అక్కరకు వచ్చెడివి. వానలు తప్పిన ఏట జొన్న గటకతో, అంబలితో సరిపెట్టుకొనిరిగాని నాగుకు గింజలు తెచ్చుటకు జంకిరి. నాగు తెచ్చినచో పంట కళ్లమున నుండగనే తెచ్చినదానిపై మరికొంత చేర్చి కొలిచి పోయవలెను గదా. నేడు సోల మూలబడినది. దుకాణములో ఉద్దెర చిట్టా పెరిగినది. నెల జీతము వచ్చు ఇంటను, కూలి డబ్బు వచ్చు ఇంటను ఎంత వచ్చినదో తెలియునుగాని ఏ పద్దు కింద పోయినదో పలువురకు తెలియదు. పెండ్లి పందిరికి, ఊరేగింపునకు చేసిన అప్పు పెండ్లికూతురు తల్లియైన తరువాతను తీరని ఇండ్లు ఎన్ని లేవు?

ఇచట ఒక సందేహము కలుగక మానదు. నాటి బియ్యము నాటికే యనుట పిల్లలు గల సంసారికి సాధ్యమా? విత్తనపు గింజలు దాచని రైతు మరుసటి ఏడు ఏమి విత్తును? వ్యాధి వచ్చినచో ఏమి చేయును? ఈ సందేహము న్యాయమైనదే. లక్కమ్మ మారయ్యల వ్రతము ఆ దంపతులది. దానిని యథాతథముగా అందరి మెడకు కట్టుట తగదు. గుమ్మిలో విత్తనములు దాచుట లోభము కాదు, అదియును సేద్యమను కాయకములోని భాగమే. పిల్లల చదువునకు, వైద్యమునకు నెలనెల కొంత వేరుగా నుంచుటయు అట్టిదే. లక్కమ్మ నిరాకరించినది దాపును కాదు, కొలత తప్పిన ఆశను. ఈ రెంటికిని గల భేదము ప్రతి ఇంట ఆ ఇంటి యజమానియు ఇల్లాలును కూర్చుండి తేల్చుకొనవలసినది. ఒక్కరు తేల్చినచో రెండవవారికది భారమగును. మారయ్య తెచ్చువాడు, లక్కమ్మ కొలుచునది. తెచ్చినవాడు కొలిచినదాని మాట విని మూటను మోసికొనిపోయెను. ఆ ఇంటి నెమ్మదికి సగము కారణమిదియే.

అటుపిమ్మట లక్కమ్మ సంకల్పమున వారు బసవేశ్వరుని, జంగమ సమూహమును తమ యింటికి ఆహ్వానించిరి. లక్షా తొంబదియారువేల జంగములకు ఆ కొద్ది బియ్యముతోనే ఆమె తృప్తిగా అన్నము పెట్టెనని శరణ చరిత్రములు చెప్పుచున్నవి. శుద్ధమైన మనసుతో కాయకము చేయు భక్తుని యింట ఐశ్వర్యమునకు లోటుండదని ఆమె తన వచనములలో భావించినది. ఆ భావమే ఈ కథగా రూపెత్తినదని తలచినను భక్తికి లోపము రాదు.

పదునైదవ శతాబ్దిలో సంకలనమైన శూన్యసంపాదనెలో ఈ దంపతుల వృత్తాంతమునకు ప్రత్యేకముగా స్థానము కల్పింపబడినది. అందు మారయ్యకు కలిగిన సందేహములను తీర్చి తత్త్వమును బోధించునది భార్యయే. ఎనిమిదివందల ఏండ్లకు పూర్వము ఒక పేద ఇల్లాలు భర్తకు గురుస్థానమున నిలిచిన ఆ ఘట్టము శరణుల సమాజమున స్త్రీకి గల స్థానమును తెలుపును. 1167 ప్రాంతమున కల్యాణమున కల్లోలము చెలరేగి శరణులు చెదరిపోయిరి. మహామనె ముంగిట బియ్యము దిగుట ఆగిపోయెను.

తిరుమలగిరికి అనతిదూరమున నున్న పాలకుర్తికి చెందిన సోమనాథుడు బసవపురాణమున శరణుల కథలను తెలుగువారికి ద్విపదలో అందించెను. లక్కమ్మ స్వరము మాత్రము కన్నడ వచనములలోనే మనకు వినబడును. ఆమెవిగా దొరకిన వచనములు పాతిక వరకు గలవు. వాని చివర ఆమె ఉంచిన ముద్రికలో మొదట భర్త మారయ్య పేరు, ఆ వెనుక తాము విడిచివచ్చిన ఊరి దైవమైన అమరేశ్వరుని పేరు కలవు. తన పేరును ఆమె చేర్చుకొనలేదు.