ఆక్టేన్ వెనక ఒక మెకానికల్ ఇంజినీర్

తాండూరు నుంచి వికారాబాద్ వస్తూ అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కితే కొన్ని పాత కార్లలో టకటకమని సుత్తి దెబ్బల్లాంటి శబ్దం వస్తుంది. అదే నాకింగ్. దీనికి మందు ఖరీదైన పెట్రోలే అని మా వైపు చాలామంది నమ్మకం. ఏ శబ్దం లేని బండికి కూడా అదే కొట్టిస్తారు. ఆ మందు వెతకడానికి ఏళ్ళ తరబడి కష్టపడినవాడు థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికన్.

1889లో పెన్సిల్వేనియాలో పుట్టాడు, 1911లో కార్నెల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. కెమిస్ట్రీ తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు (మన మెకానికల్ వాళ్ళు కాలర్ ఎగరేయొచ్చు). 1916లో డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ దగ్గర చేరితే, ఆయన ఈ నాకింగ్ సంగతి తేల్చమన్నాడు.

స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్‌లో పాకుతూ వెళ్తుంది. అది చేరకముందే చివర మిగిలిన పెట్రోల్, గాలి కలిసి ఒత్తిడికీ వేడికీ వాటంతట అవే అంటుకుంటే ఆ దెబ్బ మనకు వినిపిస్తుంది. కంప్రెషన్ పెంచితే పవర్, మైలేజీ రెండూ పెరుగుతాయి, కానీ నాకింగ్ అడ్డం వస్తుంది.

మిడ్జ్‌లీ మొదటి ఐడియా వింటే నవ్వొస్తుంది. పెట్రోల్‌కి ఎర్ర రంగు వేస్తే వేడిని బాగా పీల్చుకుంటుందని అనుకున్నాడు. చేతికందిన అయోడిన్ కలిపాడు, నాకింగ్ తగ్గింది! తర్వాత అసలైన ఎర్ర రంగులు వేస్తే ఏమీ కాలేదు. అంటే పని చేసింది రంగు కాదు, అయోడిన్. అక్కడి నుంచి ఒక్కో పదార్థం కలుపుతూ పోయాడు. టెల్లూరియం పని చేసింది కానీ ఆ కంపు స్నానం చేసినా వదల్లేదట. 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. గాలన్‌కి కొన్ని మిల్లీలీటర్లు చాలు. 1923లో అమ్మకం మొదలైంది.

సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్జ్‌లీకీ తెలుసు, తనే పరీక్షించాడు. కానీ ఆల్కహాల్ ఎవరైనా కాచుకోవచ్చు, దాని మీద కంపెనీకి మిగిలేదేముంది? 1923 మొదట్లో సీసం వల్ల తనకే జబ్బు చేసి, ఫ్లోరిడాకి వెళ్ళి విశ్రాంతి తీసుకున్నాడు. 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీ ప్లాంట్‌లో ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. అప్పుడు విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా నిమిషం సేపు వాసన చూసి, ప్రమాదం లేదని చూపించాడు. ఇక్కడ మాత్రం నేను ఈయన్ని క్షమించలేను.

1926లో గ్రాహం ఎడ్గర్ ఆక్టేన్ కొలత తయారుచేశాడు. వెంటనే నాక్ అయ్యే హెప్టేన్‌కి 0, బాగా ఓర్చుకునే ఐసోఆక్టేన్‌కి 100. అంటే ఆ నంబరు పెట్రోల్ ఓర్పుని చెప్తుంది, అందులో ఎంత శక్తి ఉందో చెప్పదు. మా మామ కారు మాన్యువల్‌లో 91 చాలని ఉంది. దాంట్లో 100 పోస్తే ఆ అదనపు ఓర్పుని వాడుకునే పనే ఇంజిన్‌కి పడదు. టర్బో, ఎక్కువ కంప్రెషన్ ఉన్న కార్లు వేరు. వాటిలో సెన్సర్ నాకింగ్‌ని పట్టి స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, మంచి ఆక్టేన్ ఉంటే ఆ ఆలస్యం తగ్గి కొంత పవర్ తిరిగొస్తుంది. పాత బండిలో కార్బన్ పేరుకుని శబ్దం వస్తుంటే కొంత తేడా తెలియొచ్చు, కానీ ముందు మెకానిక్‌కి చూపించాలి. ఘాట్‌లో అయితే గేరు తగ్గించడం ఫ్రీ.

మిడ్జ్‌లీ తర్వాత ఫ్రిజ్‌ల కోసం ఫ్రియాన్ తయారుచేశాడు. అది ఓజోన్ పొరని తినేస్తుందని తెలిసేసరికి ఆయన లేడు. 1940లో పోలియో వచ్చి నడవలేకపోయాడు. మంచం మీంచి లేవడానికి తాళ్ళు, కప్పీలతో తనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. 1944 నవంబర్ 2న ఆ తాళ్ళే మెడకి చుట్టుకుని చనిపోయి కనిపించాడు. వయసు 55.

సీసం పెట్రోల్ మన దేశంలో 2000లో ఆగింది. చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది, అప్పటిదాకా అది ఎన్ని దేశాల పిల్లల రక్తంలోకి పోయిందో. ఇప్పుడు మన బంకుల్లో మామూలు పెట్రోల్‌లోనే 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానివల్ల ఆక్టేన్ కూడా పెరిగింది. మిడ్జ్‌లీ పరీక్షించి పక్కన పెట్టిన ఆల్కహాల్ అదే.