పారిస్ వెళ్లని ప్రొఫెసర్



మీ చిన్నప్పుడు వంటింట్లో డాల్డా డబ్బా ఉండేది కదా? నూనె అలా నెయ్యిలా గడ్డకట్టాలంటే దానిలోకి హైడ్రోజన్ ఎక్కించాలి. ఆ పని చేయించేది నికెల్ పొడి. నూనెల మీద ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నది జర్మనీకి చెందిన నార్మన్. అయితే నికెల్‌కు అలాంటి శక్తి ఉందని అంతకుముందే చూపించినవారు ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ సబాటియే.

ఆయన 1854లో కార్కాసోన్‌ అనే ఊళ్లో పుట్టారు. పారిస్‌లో పేరున్న ఎకోల్ నార్మాల్‌లో చదివి, 1877లో క్లాస్ ఫస్ట్‌గా బయటికొచ్చారు. ఆ ర్యాంకుతో ఏం చేశారనుకుంటున్నారు? నీమ్ అనే ఊళ్లో ఏడాదిపాటు స్కూల్లో పాఠాలు చెప్పారు! టీచర్‌ని కాబట్టి ఈ సంగతి నాకు మరీ ఇష్టం. 1880లో డాక్టరేట్ పొంది, 1882లో తూలూజ్ యూనివర్సిటీలో చేరారు. 1907లో పారిస్ నుంచి పెద్ద పదవికి పిలుపొచ్చింది. మనమైతే ఆ రాత్రికే సామాను సర్దుకునేవాళ్లం. ఆయన మాత్రం తూలూజ్ వదల్లేదు.

అసలు విశేషం 1897లో జరిగింది. సబాటియే, ఆయన సహచరుడు సాందెరాన్స్ కలిసి వేడి నికెల్ మీదుగా ఇథిలీన్ వాయువును పంపారు. నల్లటి మసి పేరుకుంది. మరొకరైతే గొట్టం కడిగేసి ఊరుకునేవారేమో. వీళ్లు బయటికొచ్చిన వాయువును కూడా పరీక్షించారు. అందులో ఈథేన్ ఉంది! అంటే కొంత ఇథిలీన్ విడిపోయి మసిగా మారింది. దాని హైడ్రోజన్ మిగతా ఇథిలీన్‌తో కలిసింది. ఈసారి హైడ్రోజన్‌ను నేరుగా కలిపి పంపితే ఈథేన్ ఇంకా తేలిగ్గా వచ్చింది. వాయువు నికెల్‌ను కాసేపు పట్టుకుని, మారిపోయి, వదిలేస్తుందని సబాటియే వివరించారు.

1902లో కార్బన్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను నికెల్ మీద కలిపి మీథేన్, నీరు తయారుచేశారు. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు వదిలిన ఊపిరి నుంచి నీళ్లు రాబట్టడానికి 2010లో అమర్చిన పరికరంలో జరిగింది ఇదే చర్య.

1912లో నోబెల్ బహుమతిని ఆయన గ్రిన్యార్‌తో పంచుకున్నారు. ఏళ్ల తరబడి పక్కన నిలబడి పనిచేసిన సాందెరాన్స్‌కు అందులో భాగం దక్కలేదు. అది న్యాయమని నాకు అనిపించదు.

ఇప్పుడు శాస్త్రవేత్తలు మరో దారిలో మీథేన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను ఒకదానితో ఒకటి కలిపి సిన్‌గ్యాస్ తీస్తున్నారు. భూమిని వేడెక్కించే రెండు వాయువులూ ఒకేసారి ఖర్చవుతాయి. సిన్‌గ్యాస్‌లోని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి మిథనాల్, డీజిల్ చేయవచ్చు. దీనికి దాదాపు 700 డిగ్రీలకు పైగా వేడి కావాలి. ఇక్కడా నికెల్ బాగా పనిచేస్తుంది కానీ, 1897 నాటి మసే మళ్లీ పేరుకుని దాన్ని మూసేస్తుంది. అందుకే మన వాటర్ ఫిల్టర్లలో ఉండే యాక్టివేటెడ్ కార్బన్ లాంటి వాటినే నికెల్ స్థానంలో పెట్టి చూస్తున్నారు. చవక, వేడికి తట్టుకుంటుంది. అయితే దాని సన్నటి రంధ్రాలు కూడా మసితో పూడుకుపోతాయి, అదింకా తేలని చిక్కే.

సబాటియే 1941 ఆగస్టు 14న తూలూజ్‌లోనే కన్నుమూశారు. తర్వాత ఆ ఊళ్లో ఒక యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు.