ఫ్రిట్జ్ హౌటర్‌మాన్స్: రెండు జైళ్ళు, ఒక లేజర్

మన ఫోన్‌లోని చిప్ మీద సన్నటి గీతలు ముద్రించేదీ, లేసిక్ ఆపరేషన్‌లో కార్నియాను చెక్కేదీ ఒకే రకం లేజర్. ఆర్గాన్ ఫ్లోరైడ్ ఎక్సైమర్, 193 నానోమీటర్లు. ఈ ఐడియా మొదట ఎవరికొచ్చిందని వెతికితే నాకు దొరికిన మనిషి హౌటర్‌మాన్స్. మన సిలబస్‌లో ఎక్కడా కనపడడు.

1903లో డాన్‌జిగ్ దగ్గర పుట్టాడు, వియన్నాలో పెరిగాడు. 1929లో, 26 ఏళ్ళకే, అట్కిన్సన్‌తో కలిసి నక్షత్రాలు ఎట్లా వెలుగుతాయో న్యూక్లియర్ లెక్కతో చూపించాడు. కమ్యూనిస్టు కాబట్టి హిట్లర్ రాగానే జర్మనీ వదిలేశాడు. ఇంగ్లాండ్ వెళ్ళి, 1935లో సోవియట్ దేశంలోని ఖార్కివ్‌కు చేరాడు. నమ్మి పోయిన దేశమే 1937 డిసెంబర్‌లో మాస్కోలో అరెస్టు చేసింది. జర్మన్ గూఢచారి అని కేసు! నిద్రపోనీయకుండా రోజుల తరబడి ప్రశ్నించారు. భార్య షార్లెట్ ఇద్దరు పిల్లలతో తప్పించుకుని అమెరికా చేరింది. జైల్లో పిచ్చెక్కకుండా ఆయన నంబర్ థియరీ లెక్కలు మనసులోనే చేసుకున్నాడు. నాకు రఫ్ పేపర్ లేకుంటే చిన్న డెరివేషన్ కూడా కాదు.

1940లో స్టాలిన్ పోలీసులు ఆయనను తీసుకెళ్ళి గెస్టపోకు అప్పగించారు. మళ్ళీ జైలు. మాక్స్ ఫాన్ లౌయే పూనుకొని విడిపించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీకి వెళ్ళాడు. మరుసటి ఏడే భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్ళని లెక్కగట్టాడు.

1960లో రాసిన పేపర్‌లోది అసలు సంగతి. లేజర్ కావాలంటే పై లెవెల్‌లో కింది లెవెల్ కన్నా ఎక్కువ మంది ఉండాలి. అసలు కింది లెవెల్ నిలవని మాలిక్యూల్ అయితే? రెండు జెనాన్ అణువులు మామూలుగా కలవవు, ఎనర్జీ ఎక్కితేనే జోడీ అవుతాయి. మా హుస్నాబాద్ ఎల్లమ్మ జాతరలో చేతులు పట్టుకు తిరిగి, జాతర అవంగనే ఎవరి తొవ్వన వాళ్ళు పోయే పిల్లల లెక్క. వెలుగు విడిచిన మరుక్షణం జోడీ విడిపోతుంది, కింది లెవెల్ ఎప్పుడూ ఖాళీయే.

చిక్కల్లా టైమ్‌తోనే. ఆ జోడీ ఆయుష్షు నానోసెకన్లలో ఉంటుంది. ఆలోపే లెక్కలేనన్ని జోడీలు పుట్టాలి. అందుకు గ్యాస్ ప్రెషర్ పెంచాలి, ఎందుకంటే మిగులు ఎనర్జీని మోసుకుపోయే మూడో అణువు గుద్దితేనే జోడీ నిలుస్తుంది. కానీ గుద్దుళ్ళు మరీ ఎక్కువైతే వెలగకముందే చెదిరిపోతుంది.

1966లో లంగ్ క్యాన్సర్‌తో పోయాడు. మొదటి ఎక్సైమర్ లేజర్ 1970లో బాసోవ్ బృందం చేతిలో వెలిగింది, మాస్కోలో. ఆయనను అరెస్టు చేసిన ఊరే.