జిడ్డు కృష్ణమూర్తియు గడియారమును

2019వ సంవత్సరము నవంబరు 9వ తేదీన జెనీవా నగరమందు ఒక చేతిగడియారము వేలమునకు వచ్చి 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడుపోయెను. అది బంగారముతో చేసినది కాదు, ఉక్కుతో చేసినది. దానికి రెండు ముఖములు గలవు. కోరినప్పుడు గంటలను మాత్రమేగాక తేదీని సైతము నాదముచే తెలుపును. దానిని చేసినవారు పటేక్ ఫిలిప్ అను జెనీవా సంస్థవారు. ఆ సంస్థ 1839లో స్థాపింపబడినది. అంతకుముందు 2014లో వారి జేబుగడియారమొకటి 2 కోట్ల 32 లక్షల ఫ్రాంకులు పలికియుండెను. అది హెన్రీ గ్రేవ్స్ అను అమెరికా ధనికుని కోరికపై చేయబడి, 1933లో ఆయనకు అప్పగింపబడినది.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు మా విద్యార్థులు నోళ్లు తెరచిరి. పుంగనూరునుండి వచ్చు బాలుడొకడు ఆ ధనముతో తమ ఊరి పొట్టి ఆవులెన్ని వచ్చునో పలకమీద లెక్కగట్ట నారంభించెను. ఆ సంస్థవారి జేబుగడియారమునే ధరించిన ప్రసిద్ధ పురుషుడొకడు మన మదనపల్లెలో జన్మించెనని మేము చెప్పగా వారు నమ్మలేదు. కావున ఆయన చరిత్రమును ఈ సంచికలో వ్రాయబూనితిమి.

జిడ్డు కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో మదనపల్లెయందు అర్ధరాత్రి దాటిన పిదప 12 గంటల 30 నిమిషములకు జన్మించెను. గడియారమును బట్టి అది 12వ తేదీ. సూర్యోదయముతో దినము మొదలగునను మన పెద్దల లెక్కను బట్టి 11వ తేదీ. అందుచేత గ్రంథములలో ఈ రెండు తేదీలును కనబడుచున్నవి; రెంటిలో ఏదియు తప్పు కాదు. తండ్రి నారాయణయ్య మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానమగుటచే శిశువునకు కృష్ణుని పేరిడిరి.

తండ్రికి కడపకు బదిలీ కాగా, అచ్చటి మలేరియా జ్వరము రెండేండ్ల బాలుని దాదాపు మృత్యుముఖమున నిలిపెను. ఆ పిమ్మటను జ్వరము మాటిమాటికి వచ్చుచుండుటచే చదువు సాగలేదు. 1905 డిసెంబరులో తల్లి మరణించెను. బాలునకప్పటికి పదియేండ్లు మాత్రమే నిండియుండెను.

ఇతడు మందమతి యని ఉపాధ్యాయులు నిశ్చయించిరి. పాఠము వినుచున్నట్లే యుండి వినడు. ప్రశ్నించినచో శూన్యముగా చూచుచుండును. దెబ్బలు నిత్యకృత్యమయ్యెను. ఒక ఉపాధ్యాయుడు వరండాలోనికి పంపి, పంపిన మాటయే మఱచిపోగా, తమ్ముడు నిత్యానందుడు వచ్చి చేయిపట్టి తీసికొనిపోవువరకు ఆ బాలుడు అచ్చటనే నిలిచియుండెడివాడట. భిక్షకులకు బియ్యము పంచుమని ఇంటివారు పంపినచో మొదటివాని జోలెలోనే అంతయు పోసి, మరల బియ్యమునకై లోనికి వచ్చెడివాడు. పలక లేని పిల్లవానికి తన పలక నిచ్చివేసి వచ్చెడివాడు. ఇవియన్నియు ఆనాడు మందబుద్ధికి నిదర్శనములుగానే తోచియుండవచ్చును.

ఒకనాడు తండ్రి కచ్చేరికి పోయియుండగా ఈ బాలుడు ఇంటి గడియారమును విప్పెను. గడియారము విప్పుట ఎవరికైనను చేతనగును, కూర్చుటయే కష్టము. కీ ఇచ్చినప్పుడు లోపల ముడుచుకొన్న స్ప్రింగు ఒక్కసారిగా విడివడవలెనని చూచుచుండును. పళ్లచక్రములు దాని బలమును ఒకదానినుండి మఱొకదానికి అందించును. చివర నున్న కొక్కెము వంటి చిన్న భాగము ఒక్కొక్క పంటిని మాత్రమే వదలుచు ఆ వేగము నరికట్టును. మనము వినెడి టిక్కుటిక్కు మను శబ్దము అదియే. ఏ చక్రము దేనిమీద నుండెనో మఱచినచో అంతయు ఇనుపముక్కల కుప్పయే. ఆ బాలుడు బడికి పోలేదు, అన్నమునకు లేవలేదు. ప్రతి భాగమును మరల దాని స్థానమున కూర్చినపిదపనే లేచెను. పాఠమునందు ఒక నిమిషమైనను మనస్సు నిలువనివానికి ఆ దినమంతయు ఎట్లు నిలిచెను?

ఇచ్చట మా సంగతి కొంత చెప్పక తప్పదు. బోధనాభ్యసన కళాశాలలో మేమును పిల్లల మనస్తత్త్వమునుగూర్చి చదివి పరీక్ష నెగ్గినవారమే. అయినను కుప్పము ప్రాంతమునుండి వచ్చి మాయొద్ద చదివిన బాలుడొకడు, ఆగిపోయిన గోడగడియారము క్రింద బల్లయెక్కి నిలిచియుండగా చూచి, దింపి, మందలించి, వరండాలో నిలువబెట్టితిమి. ఎందుకెక్కితివని అడుగలేదు. ఆ సంవత్సరము పరీక్ష తప్పి అతడు చదువు మానుకొనెను. ఇప్పుడెచ్చట నున్నాడో మాకు తెలియదు.

నారాయణయ్య 1907 చివర ఉద్యోగవిరమణ చేసి, 1909 జనవరిలో కుమారులతో అడయారు చేరెను. పిల్లలు మైలాపూరు బడికి నడిచిపోవుచుండిరి. ఆ సంవత్సరమే లెడ్‌బీటరు అను దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడు అడయారు సముద్రతీరమున కృష్ణమూర్తిని చూచి, ఇతడు లోకగురువు కాగలడని ప్రకటించెను. అనీబిసెంటమ్మ ఆ బాలుని పెంచుటకు పూనుకొనెను. 1911లో ఆయన పేరిట తారాసంఘము వెలసెను. అన్నదమ్ములు ఇంగ్లాండు చేరిరి. తండ్రి బిడ్డలను తిరిగి ఇప్పింపుమని వ్యాజ్యము వేయగా 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షమున తీర్పుచెప్పెను. 1914లో ప్రీవీకౌన్సిలు దానిని త్రోసివైచెను. లోకగురువని వేలకొలది జనులు కొనియాడుచుండిన ఆ యువకుడు లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో మాత్రము పలుమారు తప్పెను. తమ్ముడు నెగ్గి న్యాయశాస్త్రము చదివెను.

ఆ తమ్ముడే 1925 నవంబరు 13వ తేదీన క్షయవ్యాధితో కాలిఫోర్నియాలోని ఓహాయిలో మరణించెను. అన్న అప్పుడు ఓడలో భారతదేశమునకు వచ్చుచుండెను. బడి వరండానుండి చేయిపట్టి ఇంటికి తెచ్చినవాడు పోయెను. తమ్ముడు బ్రదుకునని పెద్దలు చెప్పిన మాటలన్నియు కల్లలయ్యెను. ఆయన జీవితమున విరిగినది, మరల కూర్పబడినది ఇచ్చటనే యని మా అభిప్రాయము. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమందు ఓమెన్ గ్రామమున, సుమారు మూడువేలమంది ఎదుట తారాసంఘమును తానే రద్దుచేసి, తాను ఎవరికిని గురువు కానని చెప్పెను. కానుకగా వచ్చిన కోటను, భూములను దాతలకు తిరిగి అప్పగించెను. ఆయన సిద్ధాంతములన్నింటితో మేము ఏకీభవింపము. కాని సింహాసనమిచ్చినప్పుడు వలదనినవారు చరిత్రమున ఎందరు గలరో మాకు లెక్కకు రాదు.

మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాల ఆయన ప్రేరణమున వెలసినది. పరీక్షాభయము, శిక్షాభయము లేని చదువు అచ్చట ఉండవలెనని ఆయన కోరెను. ఎందుకు కోరెనో పైన వ్రాసితిమి.

1961 మొదలు 1985 వరకు వేసవులయందు గడియారముల దేశమగు స్విట్జర్లాండులోని సానెన్ గ్రామమున ఉపన్యసించెను. పటేక్ ఫిలిప్ జేబుగడియారమును గొలుసుతో ధరించెడివాడు. మోటారుబండిని తన చేతులతో కడిగి తుడిచి మెఱపించెడివాడు. యంత్రములయెడ ప్రీతి ముదిమివరకు తగ్గలేదు. కాలము రెండు విధములని ఆయన బోధించెడివాడు. రైలుబండి నందుకొనుటకు, భాష నేర్చుకొనుటకు కావలసినది గడియారపు కాలము, అది అవసరమే. రేపు మంచివాడనయ్యెదనని మనస్సు కల్పించుకొను కాలము వేఱొకటి. అది వంచన యని ఆయన మతము. ఓహాయినుండి ఋషివ్యాలీ వరకు సుమారు అరువదేండ్లు ఆయన చెప్పినదానిలో చాల భాగము ఈ భేదమునుగూర్చియే.

1985 చివర ఋషివ్యాలీకి కడసారి వచ్చెను. అప్పటికే శరీరము చిక్కిపోవుచుండెను. 1986 జనవరి 4వ తేదీన మద్రాసులో కడపటి ఉపన్యాసమిచ్చి, కొలదిదినములకే అమెరికాకు పోయెను. క్లోమమునందలి పుండు ముదిరిన కాన్సరని వైద్యులు తేల్చిరి. ఫిబ్రవరి 17వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిదప 12 గంటల 10 నిమిషములకు, ఓహాయిలో, తొంబదవ యేట మరణించెను. నాడే దహనము జరిగెను.