పండిత రమాబాయి – కష్టములలో కరుగని ఆనందము

మన డయాసిస్ శతవార్షికోత్సవ సమయమున పెద్దల ప్రయాసమును తలచుకొని దేవునికి స్తోత్రములు చెల్లిస్తున్నాము. పండుగ దినములలో సంతోషించుట సులభమే. ఇంటిలో మరణము, పొలములో కరువు వచ్చినపుడు విశ్వాసికి సంతోషము ఎక్కడనుండి వస్తుంది? పండిత రమాబాయి జీవితములో దీనికి జవాబు దొరుకుతుందని తలచి, ఆమె కథను సంఘస్థుల ముందుంచుతున్నాము.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల అడవిలో, గంగమూల అను చోట జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు చదువు తగదని లోకము చెప్పుచున్న ఆ కాలములో ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పించారు. ఆ తల్లియే కుమార్తెకు గురువైనది. ఆ కుటుంబము పురాణములు చెప్పుకొనుచు పుణ్యక్షేత్రములు తిరిగెడిది.

1870వ దశకములో దక్షిణ దేశమున కరువు వచ్చినపుడు కొద్ది నెలలలోనే తండ్రి, తల్లి, అక్క కన్నుమూశారు. రమాబాయి, అన్న శ్రీనివాసుడు ఆకలితో కాలినడకన దేశము తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్యకు ఆశ్చర్యపడి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చారు. 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరము బిపిన్ బిహారీని వివాహము చేసికొన్నారు. 1882లో కలరా ఆయనను తీసికొనిపోయింది. చంటిబిడ్డ మనోరమతో ఆమె విధవగా మిగిలారు.

1883లో వైద్యము చదువగోరి ఇంగ్లాండుకు వెళ్లారు. చెవుడు ఆ కోరికకు అడ్డు వచ్చింది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న వాంటేజిలో తల్లీబిడ్డలు బాప్తిస్మము పొందారు. ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి ఒకటున్నది. బాప్తిస్మము పొందిన దినముననే ఆమెకు నెమ్మది దొరకలేదు. మతమును స్వీకరించితినిగాని క్రీస్తును ఇంకను ఎరుగనైతినని ఆమె తరువాత ఒప్పుకొన్నారు. సుమారు ఎనిమిదేండ్లు వెదకిన పిమ్మట, తన పాండిత్యముగాని సేవగాని కాదు, ప్రభువు కృపయే చాలునని గ్రహించినపుడు ఆమె హృదయము ఆనందముతో నిండినది. ఆనందము ఆలస్యమైనదని దిగులుపడు విశ్వాసికి ఇది గొప్ప ఆదరణ.

ఆనందము దొరికిన తరువాత కష్టములు మానలేదు. 1889లో బొంబాయిలో విధవల కొరకు స్థాపించిన శారదా సదనము మరుసటి ఏడు పూనాకు మారింది. బాలికలను మతము మార్చుచున్నారను నింద 1893లో లేచి, సలహాదారులు తప్పుకొన్నారు, కొందరు తమ పిల్లలను తీసికొనిపోయారు. ఆమె కలత చెందినను పని విడువలేదు.

1896-97లో మధ్యపరగణాలలో కరువు వచ్చింది. ఆకలి ఎట్టిదో రమాబాయికి ఎవరును చెప్పనక్కరలేదు. తన వారిని మింగిన ఆ కరువు యొద్దకే ఆమె తిరిగి వెళ్లి, వందలాది బాలికలను, విధవలను తీసికొనివచ్చారు. వారికొరకు పూనా దగ్గర కేడ్గాములో ముక్తి సదనము వెలసినది. 1900లో గుజరాతు కరువు బాధితులు కూడ వచ్చి చేరారు. అక్కడ బావులు త్రవ్వించారు, పంటలు పండించారు, అంధులకు సయితము పని నేర్పారు. 1905లో అక్కడ గొప్ప ఉజ్జీవము కలిగింది. ఆకలితో వచ్చిన బాలికలు ప్రార్థనలో, స్తుతిలో గంటలు గడిపారు.

చివరి కాలములో హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, సామాన్య స్త్రీలకు అర్థమగు మరాఠీలో బైబిలును అనువదించారు. తన తరువాత పని చూచునని ఆశించిన ఏకైక కుమార్తె మనోరమ 1921 జూలైలో మరణించినది. అప్పటికి తల్లికి చెవుడు, ముసలితనము, నీరసము. అయినను అనువాదపు పనిలోనే ఉండి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు.

ప్రియ సంఘస్థులారా, రమాబాయి ఆనందము దుఃఖమును ఎరుగని ఆనందము కాదు. తన ఆకలిని మరువక, ఇతరుల ఆకలి తీర్చుటలో పెరిగిన ఆనందమది. మనలో అప్పులతో, రోగముతో, ఆత్మీయుల మరణముతో నలుగుచున్నవారు అనేకులు. కన్నీరు తుడుచుకొనువరకు ఆగనక్కరలేదు. మనము ఏ బాధను అనుభవించితిమో, ఆ బాధతో మన వీధిలో ఉన్న ఒకరి తలుపు తట్టుదము. అక్కడ ప్రభువు మనకు ముందుగానే ఉండును. ఆయన ఆనందము మన డయాసిస్ కుటుంబములన్నిటిలో నిలుచును గాక.