అలన్ ట్యూరింగు

అలన్ ట్యూరింగు 1912వ సంవత్సరము జూను 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి మద్రాసు రాజధానిలో సివిలు సర్వీసు ఉద్యోగి యగుటచే బిడ్డ యింగ్లండునందే పరుల యింట పెరిగెను. యుద్ధకాలమున బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించుటలో ఈయన చేసిన కృషి లోకవిదితమే. అంతగా వినబడని పని వేఱొకటి గలదు.

1945 చివర జాతీయ భౌతిక ప్రయోగశాలకై ఈయన యొక గణనయంత్రమునకు నమూనా వ్రాసెను. ఆ యంత్రము ఒక పని నడుమ ఉపకార్యమునకు బోవునపుడు, తాను విడిచిన చోటి గుఱుతును పాతిపెట్టి, మరలునపుడు త్రవ్వి తీసికొనవలెను. పాతుట, త్రవ్వుట యను పేర్లు ఆయన పెట్టినవే. కడపట పాతినది మొదట పైకి వచ్చును. వంటయింట దొంతి పెట్టిన పళ్లెములును అంతే గదా!

నేడు దీనిని స్టాకు అందురు. తెరవెనుక రేయింబవళ్లు నడుచు డీమను అను ప్రోగ్రాము నడిరేయి కూలినచో చూచుటకు మనుష్యుడుండడు. అపుడు డీబగ్గరునకు ముందుగా వ్రాసి యిచ్చిన స్క్రిప్టు ఆ దొంతిని పైనుండి క్రిందికి జదివి, ఏ పని దేనిని బిలిచెనో, ఎచ్చట ప్రాణము పోయెనో వరుసగా వ్రాసి యుంచును. దొంతి చెడిపోయినచో ఆ చదువు సాగదు.

యంత్రనిర్మాణము జాగగుటచే విసిగి ట్యూరింగు 1948లో మాంచెస్టరునకు వెడలెను. పెద్ద ప్రోగ్రామును చిన్న నిశ్చయములుగా విడదీసి యొక్కొక్కటియే పరీక్షించు పద్ధతిని 1949లో కేంబ్రిడ్జి సభలో వివరించెను. ఆయన యంత్రపు చిన్నరూపము 1950 మే నెలలో నడిచెను. 1952లో స్వలింగప్రేమ నేరమని న్యాయస్థానము ఆయనను శిక్షించెను. తన్ను గాచినవానియెడ ఆ దేశము చూపిన కృతఘ్నత యిది. 1954 జూను 7న, నలువదియొకటవ యేట, ఆయన మరణించెను. రాణి క్షమాపత్రము 2013లో వెలువడెను.